కీలు అరిగిన గుర్రం: ఎక్కే ముందు నడక, ఎక్కినంక జాగ్రత్త

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. దేవరకొండ దిక్కు మీ ఊర్ల 16 ఏండ్ల కాఠియావాడి ఆడగుర్రం ఉన్నది. వెనక ఎడమ కాలు మడత కీలుల అరుగుదల వచ్చిందని ఎక్స్‌రే చూసి డాక్టర్ చెప్పిండు. పొద్దుగాల కట్టు విప్పంగనే కుంటుతది, కాసేపు నడిస్తే సాఫ్ అయితది. మీ అబ్బాయి ఆదివారం ఎక్కుతడు. ముహూర్తాలు మొదలైతే బారాత్‌కు కావాలని అడుగుతున్నరు. ఎక్కొచ్చా, ఎక్కితే ముందుగాల ఏం చెయ్యాలె, లేకుంటే కట్టేసి రెస్ట్ ఇయ్యాల్నా అని.

కట్టేయకు. ఈ విషయంల నాకు రెండో మాట లేదు. మహబూబ్‌నగర్ చుట్టుపక్కల గుర్రాలు సాదేటోళ్ళ నడుమనే పెరిగిన, పిల్లలకు స్వారీ నేర్పుత, రేసుల నుంచి, పెండ్లిళ్ళ నుంచి రిటైరైన ముసలి గుర్రాలను చూసుకుంట. కీలు అరిగిన గుర్రాన్ని అన్నిటికన్న ఎక్కువ కుంగదీసేది వారమంత కట్టేసి ఉంచి ఒక్కరోజు ఉరికిచ్చుడు. నువ్వు రాసిన పద్ధతిల సరిగ్గ అదే జరుగుతున్నది. రోజూ కొంచెం నడిచే గుర్రం ఏండ్లకేండ్లు పనికొస్తది. ఆదివారం ఒక్కనాడే కదిలే గుర్రం ప్రతి సోమవారం ఇంకింత బిగుసుకుంటది.

కారణం చెప్త. ఎముకల కొసలకు ఉండే నున్నటి మృదులాస్థికి రక్తనాళాలు లేవు. దానికి తిండి, తడి అన్నీ కీలులో ఉండే జిగట ద్రవం నుంచే అందాలె. కాలు మోపినప్పుడు ఒత్తిడి పడి, ఎత్తినప్పుడు వదులై, ఆ ద్రవం లోపలికి బయటికి ఆడుతది. కాలు కదలకుంటే ఆ పని జరగదు. రాత్రంత ఒక్క తీరుగ నిలబడ్డ గుర్రం పొద్దుగాల బిగుసుకొని ఉండేది అందుకే. అరిగిపోయిన మృదులాస్థి మళ్ళ పెరగదు, ఏ మందూ దాన్ని తిరిగి తేలేదు. కానీ ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు, చుట్టూ ఉన్న కండరాన్ని గట్టి చేసి కీలు మీద పడే దెబ్బ తగ్గించొచ్చు. ఈ రెండు పనులూ నడకతోనే అయితయి.

ఇంకొకటి తెలుసుకో. వెనక కాలు మడత కీలు, డాక్టర్లు హాక్ అనేది, బయటికి ఒక్కటే కనపడ్తది గానీ లోపల ఒకదాని కింద ఒకటి నాలుగు కీళ్ళుంటయి. కాలు మడిచి చాపే పని దాదాపు మొత్తం పై కీలుదే. కింది రెండు కీళ్ళు చాలా తక్కువ కదులుతయి, అరుగుదల ఎక్కువగ వచ్చేది కూడ ఆ కిందివాటికే. అవి కొన్నేండ్లకు వాటంతట అవే అతుక్కుపోయి నొప్పి తగ్గిన గుర్రాలు కూడ ఉంటయి. అరుగుదల అనంగనే గుర్రం పని అయిపోయిందని గుండె జారవిడుచుకోకు. ఏ కీలు అనేదాని మీద చాలా ఆధారపడి ఉంటది.

స్వారీ గురించి చెప్పే ముందు తబేలా గురించి చెప్పాలె. మన దిక్కు చాలా ఇండ్లల్ల గుర్రాన్ని అగాడి పిచాడి వేసి కడ్తరు, ముందు తాడు ముందరికి, వెనక కాళ్ళ తాడు వెనకకు. ఆరోగ్యమున్న గుర్రానికే అది మంచిది కాదు, ఈ గుర్రానికైతే అసలే వద్దు. పిచాడి ఈ రోజే తీసెయ్. ఇంటెనక దొడ్డి ఉంటే చుట్టూ కడీలు పాతి కట్టెలు అడ్డం కట్టి విడిచిపెట్టు, రాత్రి కూడ. ముళ్ళకంచె తీగ మాత్రం వాడకు. గడ్డి ఒక మూలకు, నీళ్ళ తొట్టి ఇంకో మూలకు పెడితే రాత్రిపూట అదే పదిసార్లు అటూ ఇటూ నడుస్తది. నేల సిమెంటుదైతే మీద మందంగ ఇసుకనో, వరి గడ్డినో పరుచు. పండుకుంటుందా లేదా రోజూ చూడు. గుర్రం నిలబడి కునుకు తీస్తది గానీ గాఢనిద్ర పోవాలంటే పండుకోవాల్సిందే. లేచేటప్పుడు కీలు నొస్తుందని పండుకునుడే మానేసిన గుర్రాలు ఉంటయి. నిద్రమత్తుల ముందుకాళ్ళు మడత పడి తూలుతయి, ముందు మోకాళ్ళ మీద వెంట్రుకలు పోయి గీరుకుపోయిన మచ్చలు కనపడ్తయి. నీ గుర్రానికి ఒంటి పక్కన గడ్డిపోచలు, మట్టి అంటుకొని ఉంటే రాత్రి పండుకున్నట్టు లెక్క.

ఇగ పొద్దుగాల పని.

చలికాలం అయితే జీను వెయ్యకముందు నడుము, పిరుదుల మీద గొంగడి కప్పి, చేత్తో పట్టుకొని నడిపియ్యి. గొంగడి పొడిగ ఉండాలె. అయిదు పది నిమిషాలు దొడ్డి నుంచి రోడ్డు దాకా పోయి వస్తే చాలు. కట్టు విప్పిన జాగలనే గుండ్రంగ తిప్పకు, సీదా నడిపియ్యి. తర్వాత పిరుదుల కండరాలు, తొడ వెనక భాగం బ్రష్‌తోనో అరచేత్తోనో గట్టిగ రుద్దు. కాలు ఎత్తి గిట్ట శుభ్రం చేసేటప్పుడు ఎడమ వెనక కాలును పక్కకు గుంజకు, మీదికి ఎక్కువ లేపకు. గిట్ట నేలకు దగ్గర్నే ఉంచి, నువ్వే కిందికి వంగి పని చెయ్యి. కొన్ని గుర్రాలు కాలు ఇయ్యకుంటే మొండిదని కొడ్తరు. చాలాసార్లు అది మొండితనం కాదు, కీలు అంతసేపు మడిచి ఉంచలేకపోవుడు. నిమిషంల కింద పెట్టనిచ్చి మళ్ళ ఎత్తు.

మీ అబ్బాయి నేల మీద నిలబడి రికాబుల కాలు పెట్టి ఎగిరి ఎక్కొద్దు. అట్ల ఎక్కితే జీను పక్కకు గుంజుకొని గుర్రం నడుము మెలిపడ్తది, ఆ మెలి తట్టుకోనీకి వెనక కాలు బిగబడ్తది. అరుగో, గద్దెనో, గట్టి రాయో చూసుకొని దాని మీది నుంచి మెల్లగ కూర్చోవాలె.

ఎక్కినంక మొదటి ఇరవై నిమిషాలు నడకనే. ఇది అందరూ సగంల వదిలేసే మాట, అందుకే కొంచెం వివరంగ చెప్త. పగ్గం పొడుగు ఇడువు, గుర్రం మెడ చాపి తల కిందికి వేసుకోనియ్యి. అట్ల వేసుకుంటే వీపు మీదికి లేస్తది, వెనక కాలు కడుపు కిందికి ఎక్కువ వస్తది. మొదటి అయిదారు నిమిషాలు సీదా దారి మీద. నడక ఈడ్చినట్టు ఉంటది, తొందర పెట్టకు. తర్వాత తనంతట తనే అడుగు పెద్దగ చేస్తది, అప్పుడు కాలుతో కొంచెం చురుకు అడుగు. పది నిమిషాల తర్వాత పెద్ద పెద్ద వంకర్లు మొదలుపెట్టు, ఇరవై మీటర్ల అడ్డం కొలతకు తక్కువ కాకుండ. నీ గుర్రానికి నొప్పి ఎడమ వెనక కాలుల ఉన్నది కాబట్టి ముందు కుడి చేతి దిక్కు తిప్పు. ఎడమకు తిప్పినప్పుడు ఆ కాలు లోపలి దిక్కు పడి బరువు ఎక్కువ మోస్తది, కాబట్టి ఎడమ వంకర ఆఖరికి, ఇంకా వెడల్పుగ. తాడు కట్టి నడుమ నిలబడి గుండ్రంగ ఉరికిచ్చే అలవాటు మన దిక్కు చాలా ఉన్నది. ఈ గుర్రానికి అది పూర్తిగ బంద్ చెయ్యి. చిన్న చుట్టుల వేగంగ తిరిగితే కీలు ఒక పక్కకే నలుగుతది.

ఆ ఇరవై నిమిషాలల్ల నువ్వు చూడాల్సినవి చాలా ఉన్నయి. ఎర్ర చెల్క మీద నడిపిస్తే జాడలు మంచిగ పడ్తయి. వెనక్కి తిరిగి జాడ దగ్గర కూర్చొని చూడు. మంచి కాలు గిట్ట గుండ్రంగ అచ్చు పడి ఉంటది. నొప్పి కాలు అచ్చుకు వెనక దిక్కు, గిట్ట ముక్కు మట్టిల ఈడ్చుకుంట వచ్చిన చిన్న గీత ఉంటది. కీలు పూర్తిగ మడవకుండ తెచ్చినందుకు పడే గీత అది. పది నిమిషాల నడక తర్వాత మళ్ళ అదే జాగల నడిపించి చూస్తే గీత చిన్నగయిందో, పోయిందో తెలుస్తది. పోయిందంటే కీలు వదులైనట్టు. అట్లనే ఉంటే ఆ రోజు నడకతోనే ఆపెయ్యాలె. లాడం తీసినప్పుడు కూడ చూడు, ముక్కు దగ్గర ఒక్క కాలుదే ఎక్కువ అరిగి పలుచనైతది. కంటికి కుంటు దొరకని రోజుల్ల కూడ లాడం అబద్ధం చెప్పదు.

ట్రాట్‌ల, అంటే నడకకూ దౌడుకూ నడుమ ఉండే చిన్న ఉరుకుల, కుంటు పట్టుడు ఇట్ల: గుర్రాన్ని వేరేటోళ్ళు చేత్తో పట్టుకొని గట్టి నేల మీద సీదా ఉరికియ్యాలె, నువ్వు వెనక నిలబడి పిరుదుల మీది రెండు ఎముకలను చూడాలె. నొప్పి ఉన్న దిక్కు ఎముక రెండో దానికన్న ఎక్కువగ మీదికి కిందికి ఆడుతది. ముందు కాలు నొప్పి అయితే తల చెప్తది, నొప్పి కాలు నేల మీద పడ్డప్పుడు తల మీదికి లేస్తది, మంచి కాలు పడ్డప్పుడు కిందికి వంగుతది. చప్పుడు కూడ విను. ట్రాట్ రెండు దెబ్బల నడక, టక్ టక్ అని సమంగ పడాలె. ఒకటి గట్టిగ ఒకటి మెత్తగ పడుతుంటే సమం లేనట్టే.

నడకల వదులైతే ట్రాట్ అడుగు. రెండు నిమిషాలు ట్రాట్, రెండు మూడు నిమిషాలు నడక, మళ్ళ ట్రాట్. అబ్బాయి ఒక దెబ్బకు జీను మీది నుంచి కొంచెం లేచి, రెండో దెబ్బకు మెల్లగ కూర్చోవాలె, దబదబ కూర్చోవద్దు. ఏ దెబ్బకు లేస్తడో ఆ లెక్క కూడ మధ్యమధ్యల మార్చుకోమను. ఎప్పుడూ ఒకే లెక్క మీద కూర్చుంటే బరువు ఒకే వెనక కాలు మీద పడ్తది. మొత్తం స్వారీ నలభై నిమిషాలు దాటొద్దు, అందుల సగానికి పైన నడకనే. దౌడు ఇప్పుడైతే వద్దు. రెండు నెలలు రోజువారీ నడక నడిచి కండరం పట్టినంక, సీదా దారి మీద కొంచెం దూరం క్యాంటర్, అంటే మెల్లటి దౌడు, చేయించి చూడొచ్చు. వెనక్కి నడిపిచ్చుడు, గిర్రున తిప్పుడు, ఉరుకుతున్న గుర్రాన్ని పగ్గం గుంజి అక్కడికక్కడే ఆపుడు ఎన్నడూ వద్దు. మూడిట్లనూ బరువంత వెనక మడత కీళ్ళ మీదికే వస్తది.

దిగే ముందు పది నిమిషాలు మళ్ళ వదులు పగ్గంతో నడక. జీను పట్టీ వదులు చేసి ఇంటిదాకా చేత్తో నడిపించుకొని పోతే ఇంకా మంచిది. తర్వాత ఆ కాలు మీద చల్లటి నీళ్ళు పైపుతో పది పదిహేను నిమిషాలు పట్టు. ముందు వెచ్చదనం, పని అయినంక చల్లదనం. కీలు ఉబ్బి చేతికి వేడిగ తగిలితే మాత్రం కాపడం పెట్టకు, ఎక్కకు, డాక్టర్‌కు చూపియ్యి.

పని ఎక్కువైందా తక్కువైందా తెల్సుకునేది ఆ రోజు కాదు, తెల్లారి. నిన్న పది నిమిషాలల్ల వదులైన గుర్రం ఈ రోజు పదిహేను నిమిషాలు తీసుకుంటే నిన్నటి పని ఎక్కువైనట్టు. సగానికి తగ్గియ్యి, కానీ పూర్తిగ ఆపకు. అబ్బాయికి ఒక నోట్‌బుక్ ఇచ్చి రోజూ ఎన్ని నిమిషాలకు వదులైందో రాయమను. వర్షం, చలి, లాడం మార్చిన రోజు, అన్నీ పక్కన రాస్తే నెల తర్వాత ఆ నోట్‌బుక్ చూసి డాక్టర్ మంచి నిర్ణయం చెప్పగల్గుతడు.

నేల సంగతి మన జిల్లాలల్ల ప్రత్యేకంగ చెప్పాలె. చిన్న వాన పడి ఆరిన చెల్క కన్న మంచి నేల లేదు, గట్టిగనూ ఉంటది, దెబ్బ కూడ మింగుతది. రేగడి నేల తడిసిందంటే దాంట్లకు దించకు. గిట్టను పట్టుకొని గుంజుతది, ప్రతి అడుగుకూ కీలు మెలి తిరుగుతది. ఎండకాలంల అదే రేగడి నెర్రెలు బారితే గిట్ట ఇరుక్కుంటది. దుందుభి లాంటి వాగుల ఇసుక మెత్తగుంటదని అనుకుంటరు, లోతు ఇసుకల ఉరికిస్తే కండరాన్ని ఎముకకు కట్టే టెండన్లు గుంజుకుపోతయి. వాగు ఒడ్డున తడిసి గట్టిపడ్డ ఇసుక మీద నడిపిస్తే ఫర్వాలేదు. తారు రోడ్డు, సీసీ రోడ్డు మీద నడక తప్పు కాదు, ట్రాట్ తప్పు. చెరువుల అడుగు గట్టిగ ఉన్న చోట మోకాలి లోతు నీళ్ళల్ల నడిపిస్తే వెనక కాళ్ళు మంచిగ ఎత్తుతది, కండరం పట్టుతది. పూడిక మట్టి ఉన్న చోట దించకు. చెరువు కట్ట ఎక్కుడు మెల్లగ నడకతో అయితే పిరుదులకు మంచి కసరత్తు. దిగేటప్పుడు అబ్బాయిని దిగమను, నిటారు దారి కాకుండ ఏటవాలుగ తీసుకురా. ఏప్రిల్, మే నెలలల్ల ఎండ 40 డిగ్రీలు దాటుతది కాబట్టి తెల్లారకముందే మొదలుపెట్టు. వేడిగ ఉన్నదని ఇరవై నిమిషాల నడక మాత్రం తగ్గియ్యకు. గాలి వేడికి తోలు వేడెక్కుతది గానీ కీలు వదులు కాదు.

బరువు. గుర్రం ఒంటి బరువుల 20 శాతానికి మించి మోయొద్దు, జీనుతో కలిపి. కీలు అరిగినదైతే 15 శాతం దగ్గర్నే ఆగితే మంచిది. గుర్రం బరువు తెల్వదంటే టేపుతో లెక్క తియ్యొచ్చు: ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లల్ల తీసి, దాన్ని దాంతోనే గుణించి, భుజం ముందు కొస నుంచి పిరుదు వెనక కొస దాకా పొడుగుతో మళ్ళ గుణించి, 11,880 తో భాగియ్యాలె. చుట్టుకొలత 160, పొడుగు 150 ఉంటే దాదాపు 323 కిలోలు. అట్లాంటి గుర్రం మీద జీనుతో కలిపి 48 కిలోలు దాటొద్దు. మీ అబ్బాయికి సరిపోతది, పెండ్లికొడుక్కు సరిపోదు. మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లుల ధరంకాంటల మీద ట్రాలీతో సహా తూచుకునేటోళ్ళు ఉన్నరు, అది ఇంకా ఖాయం.

గుర్రం సొంత బరువు కూడ కీలు మీదనే పడ్తది. పక్కటెముకలు కంటికి కనపడొద్దు, చేత్తో తడిమితే మాత్రం సులువుగ తగలాలె. కూర్చోబెట్టి ఉలవలు, శనగలు బకెట్లకు బకెట్లు పెట్టుడు ప్రేమ అనుకుంటరు. పని తగ్గిన గుర్రానికి జొన్న చొప్ప, ఎండు గడ్డి ముఖ్యం, దాణా కొంచెం చాలు. తౌడు ఎక్కువ పెట్టకు, దాంట్ల భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, ఎముకకు మంచిది కాదు. కీళ్ళకని అమ్మే గ్లూకోసమిన్ పొడుల మీద పైసలు పెట్టేముందు లాడాలు కొట్టే నాల్‌బంద్ మీద పెట్టు, ఎందుకంటే ఆ పొడులు గుర్రాల్ల పనిచేస్తయనే గట్టి రుజువు తక్కువ. గిట్ట సంగతి అట్ల కాదు. ముక్కు పొడుగైతే కాలు లేచేటప్పుడు కీలు ఎక్కువ బలం పెట్టాలె. అయిదారు వారాలకు ఒకసారి గిట్ట కోయించాలె, లాడం గట్టిగ ఉన్నా సరే తీసి కోయించాలె. ముక్కు కొంచెం వెనక్కి గుండ్రంగ చేసిన లాడం ఈ నొప్పికి చాలా గుర్రాలకు సుఖమిస్తది, నీ డాక్టర్‌నూ నాల్‌బంద్‌నూ ఒక్కసారి ఎదురెదురుగ కూర్చోబెట్టి ఎక్స్‌రే చూపించు.

మందుల మాట డాక్టర్‌దే, రెండు జాగ్రత్తలు మాత్రం చెప్త. నొప్పిగోలీ ఇచ్చి అదే రోజు ఉరికియ్యకు. నొప్పి తెల్వకుంటే గుర్రం కాలును కాపాడుకోదు. రెండు రకాల నొప్పి మందులు ఒక్కసారి ఇయ్యకు, ఫినైల్‌బ్యూటజోన్ లాంటివి ఎక్కువైతే కడుపుల పుండ్లు, కిడ్నీ దెబ్బతినుడు అయితది. మెడికల్ షాపుల మనుషుల డైక్లోఫెనాక్ సూది తెచ్చి పొడిచే అలవాటు ఇంకా పోలేదు. పశువులకు దాన్ని 2006 ల నిషేధించిండ్రు, ఆ మందు ఉన్న కళేబరాలు తిని రాబందులు లక్షలకు లక్షలు చచ్చిపోయినయి. కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడ 2023 ల పశువులకు నిషేధించిండ్రు. మెలాక్సికామ్ రాబందులకు హాని చెయ్యదని తేలింది, డాక్టర్‌ను దాని గురించి అడుగు. కీలులకు సూది వెయ్యాల్సి వస్తే ఊర్ల తబేలాల వేయించకు. చిన్న మురికి పోయినా కీలు చీము పట్టి గుర్రమే పోతది. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకపో.

బారాత్ సంగతికి వస్త. పైసలు ఇంటికి అవసరమని నువ్వు రాసినవు, ఆ అవసరాన్ని నేను కాదన్న. కానీ డప్పులకు, డీజేకు ఆడించుడు ఈ గుర్రంతో ఇగ అయ్యే పని కాదు. వెనక కాళ్ళ మీద బరువేసుకొని ముందర ఎగిరే ప్రతి అడుగూ సరిగ్గ ఆ అరిగిన కీలు మీదనే పడ్తది. గంటలకొద్ది సీసీ రోడ్డు మీద నిలబడుడు, మధ్యల నాలుగు అడుగులు వేసుడు, మళ్ళ నిలబడుడు, బిగుసుకోనీకి ఇంతకన్న దారి లేదు. ఫంక్షన్ హాల్ దగ్గర ఫొటోలకు, చిన్న పిల్లలను ఎక్కించి కొంచెం దూరం మెత్తటి నేల మీద నడిపిచ్చే పనికి అయితే పంపొచ్చు. ముందు ఇరవై నిమిషాల నడక అక్కడ కూడ తప్పదు, టాటా ఏస్ నుంచి దించంగనే ఎక్కియ్యొద్దు. బండిల నిలబడి వచ్చిన గుర్రం అప్పుడే కట్టు విప్పిన దాని లెక్కనే బిగుసుకొని ఉంటది.

డాక్టర్ ఇచ్చిన చీటీల హాక్ అని మాత్రమే రాసి ఉంటే, పై కీలా కింది కీళ్ళా అని అడిగి నాకు చెప్పు. కాలు మడిచి పట్టుకొని నిమిషం తర్వాత ఉరికించి చూసిండా, ఏ కీలుల నొప్పి ఉన్నదో తేల్చనీకి మత్తు సూది వేసి చూసిండా, అది కూడ. కింది కీళ్ళయితే పైన చెప్పిన లెక్క ప్రకారం రేపటి నుంచే మొదలుపెట్టు. పై కీలయితే ట్రాట్ గురించి చెప్పింది మొత్తం పక్కన పెట్టి, మళ్ళ డాక్టర్‌ను కలిసేదాకా చేత్తో పట్టుకొని నడిపిచ్చుడు ఒక్కటే చెయ్యి.